చూపు లేని ప్రోగ్రామర్ల కోసం ఉమ్మడి కోడ్ గాదె: నలుగురూ కలిసి ఎలా నిలబెట్టుకోవాలి

పర్లాకిమిడిలో మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా, కంప్యూటర్‌లో కొట్టేది ఇంగ్లీషు. నాకు చూపు లేదు. పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న రోజుల్లో ఈ మూడు భాషల మధ్య చెవి ఒక్కదాన్నే నమ్ముకుని నడిచాను. అప్పుడు నన్ను ఒడ్డుకు చేర్చినవి పెద్ద పుస్తకాలు కావు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఎవరో రాసి, అందరి కోసం పెట్టిన చిన్న చిన్న కోడ్ ముక్కలు. ఇండెంటేషన్, అంటే లైను ముందు వదిలే ఖాళీలు, చెవికి వినిపించేలా ఎలా సెట్ చేసుకోవాలి, మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే తప్పు ఎలా పట్టుకోవాలి, అన్నీ అక్కడే దొరికాయి.

ఒకరోజు ఆ సేకరణ తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. వారం తర్వాత తెలిసింది, దాన్ని నడిపే ఆయన ఉద్యోగం మారారని, డొమైన్‌కు డబ్బు కట్టే కార్డు గడువు తీరిపోయిందని, పాస్‌వర్డ్ ఇంకెవరి దగ్గరా లేదని. కోడ్‌లో ఏ లోపమూ లేదు. ఏళ్ల తరబడి ఎందరో పోసిన గింజలకు తాళంచెవి ఒక్కరి జేబులో ఉంది, అంతే. ఆ రోజు నాకు ఎంత బాధ కలిగిందో ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మేం ఏడుగురం ఒక చిన్న సేకరణ నడుపుకుంటున్నాం. పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ, బరంపురం, సరిహద్దు దాటితే పాతపట్నం. నలుగురికి చూపు లేదు, ముగ్గురికి ఉంది. దాన్ని మేం గాదె అని పిలుచుకుంటాం. మీరూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, లేదా ఉన్నది పడిపోకుండా చూసుకోవాలనుకుంటే, మేం పట్టుకున్న పద్ధతి చెబుతాను.

ముందు తాళాలు, తర్వాతే కోడ్

కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో మీ సొంత పేరు మీద రిపాజిటరీ, అంటే కోడ్ ఉంచే అర, తెరవకండి. ఆర్గనైజేషన్ ఖాతా ఉచితంగానే తెరవొచ్చు, అందులో పెట్టండి. ఓనర్లు కనీసం ఇద్దరుండాలని గిట్‌హబ్ సూచనల్లోనే ఉంది. మేం ముగ్గురిని పెట్టుకున్నాం, ముగ్గురూ వేర్వేరు ఊళ్లవాళ్లు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరినీ ఓనర్లుగా పెడితే ఆ ఇంట్లో పెళ్లో, ఆస్పత్రి అవసరమో వచ్చిన రోజున ఇద్దరూ ఒకేసారి దొరకరు.

మొదటి రోజే ముగ్గురి చేతా లాగిన్ చేయించండి. ‘తర్వాత చేస్తాలే’ అన్నవాళ్లు అవసరం వచ్చిన రాత్రి పాస్‌వర్డ్ వెతుక్కుంటారు.

రెండంచెల లాగిన్ పెట్టుకునేటప్పుడు ఎక్కడైనా క్యూఆర్ బొమ్మ ఎదురవుతుంది. చూపు లేనివాళ్లు చాలామంది ఆగిపోయేది అక్కడే. ఫోన్ కెమెరా స్క్రీన్‌కు ఎంత దూరంలో పట్టుకోవాలో తెలియక మా గునుపూర్ తమ్ముడు ఒక సాయంత్రమంతా తంటాలు పడ్డాడు. ఆ బొమ్మ దగ్గరే సెటప్ కీ అని ఇంకో దారి ఉంటుంది. దాని మీద ఎంటర్ కొడితే అదే సంగతి అక్షరాలుగా వస్తుంది. కాపీ చేసి ఆథెంటికేటర్ యాప్‌లో అతికిస్తే పని అయిపోతుంది. ఈ ఒక్క పేరా మీ గాదెలో మొదటి పేజీగా పెట్టినా తప్పులేదు.

ఆ తర్వాత, ఫోన్ చేతిలో లేనప్పుడు లాగిన్ కావడానికి రికవరీ కోడ్‌లు ఇస్తారు. వాటిని అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే ల్యాప్‌టాప్ పోయినప్పుడు అవీ పోతాయి. నావి నేను బ్రెయిలీ స్లేటు మీద మందపాటి కాగితం పెట్టి పొడిచి, రేషన్ కార్డు ఉండే ట్రంకుపెట్టెలో పెట్టాను. మా అమ్మకు అదేమిటో తెలియదు కానీ అది పారేయకూడదని తెలుసు.

మీ సొంత ఖాతాలో కూడా కోడ్ ఉంటే, సెట్టింగుల్లో వారసుణ్ని పెట్టుకునే వీలుంది. మీరు లేకపోయినా మీ పబ్లిక్ రిపాజిటరీలను ఆ మనిషి చూసుకోగలరు. చావు గురించి మాట్లాడటం చాలామందికి ఇష్టం ఉండదు. అయినా పెట్టండి.

సొంత డొమైన్ కొనొద్దనే నా సలహా. దానికి ఏటా డబ్బు కట్టాలి, కట్టే మనిషి ఒకరుండాలి, మళ్లీ తాళం ఒక్కరి దగ్గరికే చేరుతుంది. పేరు గొప్పగా లేకపోయినా ఉచితంగా దొరికే చిరునామాతో ఏళ్లు గడుస్తాయి.

ఏం పోయాలి, ఏం పోయకూడదు

మొదట్లో అందరికీ ఉత్సాహం ఎక్కువ ఉంటుంది, దొరికిందల్లా పోస్తారు. ఆరు నెలలకు ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో ఎవరికీ తెలియదు. మా నియమం ఒకటే. పెట్టిన మనిషి స్వయంగా వాడి ఉండాలి, అదీ తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో. పది లైన్ల చిన్న ప్రోగ్రాములు, ఎడిటర్ సెట్టింగుల వివరాలు, కీబోర్డు షార్ట్‌కట్లు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ బటన్ దగ్గర ఏం వినిపిస్తుందో చెప్పే నోట్సు. వీటితో మొదలుపెడితే చాలు.

విండోస్‌లో నడిచే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే యాడ్-ఆన్‌లు రాయాలని కుర్రాళ్లకు సరదా ఉంటుంది. ఆ సరదా చంపకండి, కానీ బరువెంతో చెప్పండి. ఎన్‌వీడీఏను ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ 2006లో మొదలుపెట్టారు, ఆయనకూ చూపు లేదు. అది పైథాన్‌లోనే రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఏటా వచ్చే మొదటి వెర్షన్‌లో లోపలి ఏర్పాట్లు మారే అవకాశం ఉంటుంది. యాడ్-ఆన్‌తో పాటు ఉండే మేనిఫెస్ట్ ఫైల్‌లో ఏ వెర్షన్ వరకు పరీక్షించారో రాయాలి. అది పాతబడితే ఎన్‌వీడీఏ ఆ యాడ్-ఆన్‌ను పొసగనిదిగా పక్కన పెట్టేస్తుంది. 2019.3 వెర్షన్‌లో పైథాన్ 2 నుంచి పైథాన్ 3కి మారినప్పుడు, చూసుకునే దిక్కులేని యాడ్-ఆన్‌లు చాలా అక్కడే ఆగిపోయాయి. ఒక్క యాడ్-ఆన్ పెట్టడమంటే ఏటా ఒకసారి దాన్ని సరిచూస్తామని మాట ఇచ్చినట్టే. మేం మూడేళ్లపాటు ఒక్కటీ పెట్టలేదు. ఇప్పుడు ఒకటే ఉంది, దానికి ఇద్దరు కాపలా.

చెవి కోసం రాయండి

కోడ్‌ను కంటి కోసం రాసే అలవాటు లోకమంతా ఉంది. దాన్ని చెవి వైపు తిప్పడమే ఈ పనిలో అసలు కష్టం. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను.

ముందు మీ సహాయకులందరి కంప్యూటర్లలో, చూపున్నవాళ్లవైనా సరే, ఎన్‌వీడీఏ పెట్టించండి. ఇన్సర్ట్, కంట్రోల్, డి కలిపి నొక్కితే డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగులు తెరుచుకుంటాయి. అందులో లైన్ ఇండెంటేషన్ దగ్గర మాట, టోన్ రెండూ ఎంచుకోండి. ఖాళీలు పెరిగే కొద్దీ ఆ టోన్ పైస్థాయికి వెళ్తుంది. కొన్నాళ్లకు హార్మోనియం మెట్టు గుర్తుపట్టినట్టు, ఏ బ్లాకులో ఉన్నామో మాట వినకముందే తెలిసిపోతుంది.

ఇప్పుడొక చిన్న ప్రోగ్రాం వినండి. పలాస జీడిపప్పు పేరు మా వైపు అందరికీ తెలుసు కాబట్టి, జీడిపిక్కల బస్తాల బరువు కూడే లెక్క పెట్టుకున్నాం. విరామ చిహ్నాలన్నీ చదివేలా పెట్టుకుంటే ఎన్‌వీడీఏ ఇలా చదువుతుంది.

టోటల్ ఈక్వల్స్ 0
ఫర్ బ్యాగ్ ఇన్ బ్యాగ్స్ కోలన్
4 స్పేస్ టోటల్ ప్లస్ ఈక్వల్స్ బ్యాగ్
నో ఇండెంట్ ప్రింట్ లెఫ్ట్ పారెన్ టోటల్ రైట్ పారెన్

నాలుగో లైను ముందు ‘నో ఇండెంట్’ అని వినిపించింది చూశారా, ప్రాణమంతా అందులో ఉంది. ఇండెంటేషన్ మారినప్పుడే ఎన్‌వీడీఏ చెబుతుంది, మారకపోతే ఏమీ అనదు. ఆ రెండు మాటలు వినబడకుండా నేరుగా ‘ప్రింట్’ అని వచ్చిందంటే, ఆ లైను ఇంకా లూప్ (ఒక్కో బస్తాకూ మళ్లీ నడిచే భాగం) లోపలే ఉన్నట్టు. అప్పుడు మొత్తం బరువు ఒక్కసారి రావలసింది, బస్తా బస్తాకూ వస్తుంది. చూపున్న మనిషికి ఇది ఒక్క చూపులో తెలిసే తప్పు. మనకు మాత్రం వినబడని మాటను కూడా వినడం అలవాటవ్వాలి. మీ గాదెలో ప్రతి ఉదాహరణ కింద ‘ఇది చెవికి ఎలా వినిపించాలి’ అని ఈ విధంగా రాసి పెట్టండి. నేర్చుకునేవాళ్లకు కోడ్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

అదే ప్రోగ్రాంలో ఇంకో గుంట ఉంది. బ్యాగ్, బ్యాగ్స్. స్క్రీన్ రీడర్ వేగం పెంచుకుని వినేవాళ్లకు ఆ చివరి ‘స్’ జారిపోతుంది. పుస్తకాలన్నిటిలో ఏకవచనం, బహువచనం జంటగా పెట్టే అలవాటు ఉంది కానీ చెవికి అది పడదు. మేం రెండోదాన్ని బ్యాగ్ లిస్ట్ అని మార్చుకున్నాం. అలాగే రాయడం అన్న అర్థంలో రైట్, కుడి అన్న అర్థంలో రైట్, రెండూ ఒకే ప్రోగ్రాంలో వేరియబుల్ పేర్లుగా వస్తే ఎంత నిపుణుడైనా తికమక పడాల్సిందే. మొత్తం అనే సమ్, కొంత అనే సమ్ కూడా అంతే. కొత్త కోడ్ వస్తే పేర్లన్నీ ఒకసారి పైకి చదివి చూడండి. రెండు పేర్లు ఒకేలా మోగితే ఒకటి మార్చండి.

అండర్‌స్కోర్‌ను ఎన్‌వీడీఏ ఇంగ్లీషులో ‘లైన్’ అని చదువుతుంది. ఇది తెలియక కొత్తవాళ్లు లైను నంబరేదో చెబుతోందనుకుంటారు. ఇలాంటి చిన్న సంగతులకు ఒక పేజీ కేటాయించండి.

ట్యాబ్‌లా, స్పేస్‌లా అన్న గొడవ మీ దగ్గరా వస్తుంది. పైథాన్ శైలి నియమావళి నాలుగు స్పేస్‌లు పెట్టమంటుంది. తెర మీది మాటలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే 40 గడుల బ్రెయిలీ డిస్‌ప్లే వాడేవాళ్లకు మూడో మెట్టు లోపలికి వెళ్లేసరికి 12 గడులు ఖాళీలకే పోతాయి. అందుకే వాళ్లు ట్యాబ్ కావాలంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. మేం స్పేస్‌ల వైపే వెళ్లాం, బయట దొరికే పైథాన్ కోడ్ ఎక్కువగా అలాగే ఉంటుంది కనుక. మీరేది ఎంచుకున్నా సరే, రెండూ కలపకండి. కలిపితే పైథాన్ 3 ఒప్పుకోక ఎర్రర్ ఇచ్చే సందర్భాలున్నాయి. ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఒకటి పెట్టి నిర్ణయం అందులో రాస్తే, దాన్ని అర్థం చేసుకునే ఎడిటర్ ఏదైనా ఆ ప్రకారమే నడుస్తుంది.

వివరణలు ఏ తెలుగులో రాయాలి? గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. అలాంటి ఊరివాళ్లం, ‘చరరాశి’, ‘ప్రమేయం’ అని రాసి పిల్లల్ని ఎందుకు భయపెట్టాలి? వేరియబుల్ అనండి, ఫంక్షన్ అనండి. ఫోన్‌లో తమ్ముడికి ఎలా చెబుతారో అలాగే రాయండి. కమాండ్‌ను మాత్రం వాక్యం మధ్యలో ఇరికించకుండా విడిగా ఒక లైనులో పెట్టండి. కింది బాణం నొక్కుకుంటూ వచ్చేవాళ్లకు అది దొరుకుతుంది, కాపీ చేసుకోవడం తేలిక.

మా బృందంలో పాతపట్నం లెక్కల మాస్టారు ఒకరున్నారు, రిటైరయ్యారు. కోడ్ రాయరు కానీ తెలుగు చక్కగా టైప్ చేస్తారు. మొదటిసారి ఆయన పంపిన ఫైలు విని నేను ఫోన్ చేశాను.

“మాస్టారూ, మీరు పంపింది నాకు అర్థం కావట్లేదండీ. అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాల్లా చదువుతోంది.”

“అదేంటి బాబూ! నా కళ్లెదురుగా తెలుగే కనబడుతోందే!”

ఆయన పెళ్లి కార్డులకు వాడే పాత డీటీపీ ఫాంటులో కొట్టారు. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం తలాతోకా లేని ఇంగ్లీషు గుర్తులు. ఒడియా ఫైళ్లలో కూడా ఇదే బాధ ఎన్నోసార్లు చూశాం. తెలుగైనా, ఒడియా అయినా యూనికోడ్‌లో ఉంటేనే తీసుకోండి. పాపం మాస్టారు వారం రోజుల్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని మొత్తం మళ్లీ కొట్టి పంపారు.

యూనికోడ్‌లోనూ ఒక చిక్కుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ‘ట్’ పక్కన కంటికి కనబడని నాన్-జాయినర్ అక్షరం ఒకటి కొందరు కొడతారు, కొందరు కొట్టరు. చెవికి రెండూ దాదాపు ఒకటే. వెతికితే మాత్రం ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. అందుకే ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో పెట్టండి, తెలుగు లోపలే ఉంచండి.

స్క్రీన్‌షాట్లు వద్దు. ఎర్రర్ వస్తే మొత్తం మెసేజ్ అక్షరాలుగా అతికించమనండి. వీఎస్ కోడ్‌లో టెర్మినల్ (కమాండ్‌లు కొట్టే చోటు) మీద ఉండి ఆల్ట్, ఎఫ్2 నొక్కితే అందులోని మాటలన్నీ మామూలు డాక్యుమెంటులా బాణాలతో చదువుకునే వీలు వస్తుంది. అక్కడి నుంచి కాపీ చేయడం నేర్పించండి.

వినకుండా లోపలికి రానివ్వకండి

కొత్త కోడ్ వచ్చినప్పుడు ఇద్దరు వినాలి, అందులో ఒకరైనా చూపు లేనివాళ్లు కావాలి. చూపున్న సహాయకులు ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ పెట్టుకుని పరీక్షించాలి. స్క్రీన్ నల్లబడిపోతుంది, మాట ఒక్కటే మిగులుతుంది. మా రాయగడ అక్క మొదటిసారి అలా కూర్చున్నప్పుడు ఐదు నిమిషాల పని గంట పట్టింది. అప్పటి నుంచి ఆవిడ రాసే వివరణలు ఎంత మారిపోయాయో చెప్పలేను.

ఉదాహరణలన్నీ ఇంకా పరుగెడుతున్నాయో లేదో చూడటం మాత్రం యంత్రానికి అప్పగించండి. పబ్లిక్ రిపాజిటరీలకు గిట్‌హబ్ యాక్షన్స్ ఉచితం. వారానికోసారి అన్ని ప్రోగ్రాములూ నడిపి, పడిపోయింది ఏదో చెప్పేలా పెట్టుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి. రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఈ వారపు పరుగు దానంతట అదే ఆగిపోతుంది. మీరేమో అంతా బాగుందనుకుంటారు, అక్కడ చూసే నాథుడే ఉండడు. నెలకోసారి ఒక చిన్న దిద్దుబాటైనా లోపలికి వెళ్లేలా చూసుకోండి.

ఏడాదిలో రెండు కాలాలు గోడ క్యాలెండరు మీద రాయించండి. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. ఎన్‌వీడీఏ ఆ ఏటి మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఇంకోసారి. ఆ రెండు సార్లూ గాదె మొత్తం తిరగేసి, పాచిపోయినవి తీసెయ్యాలి. తీసెయ్యడానికి మొహమాటపడకండి. పనిచేయని ఉదాహరణ పట్టుకుని ఒక కుర్రాడు రాత్రంతా తప్పు తనదే అనుకుంటాడు. నేను అలా అనుకున్న రాత్రులున్నాయి.

కొత్తగా వచ్చినవాళ్లను నిలుపుకోవడం

‘మీకు తోచింది చేయండి’ అంటే ఎవరూ ఏమీ చేయరు. పేరు పెట్టి, కొలత పెట్టి పని ఇవ్వండి. మేం ఇచ్చే మొదటి పని కోడే కాదు. “ఈ పేజీ మొదటి నుంచి చివరి దాకా విను. ఎక్కడ ఆగిపోయావో రాసి పంపు.” అరగంట పని. అందులో నిజంగా తప్పులు దొరుకుతాయి, వాళ్ల పేరు మార్పుల చరిత్రలో నిలిచిపోతుంది. రెండోసారి ఆ తప్పు వాళ్ల చేతే దిద్దించండి.

ఎవరైనా ఏదైనా అడిగితే రెండు రోజుల్లో జవాబివ్వండి. జవాబు తెలియకపోయినా “చూశాను, ఆదివారం చెబుతాను” అనండి. చూపు లేని కుర్రాడికి పక్కనుండి చూసి చెప్పే క్లాస్‌మేట్ ఉండడు. ఆ మౌనం వాడికి ‘నీ వల్ల కాదు’ అన్నట్టే వినిపిస్తుంది.

ఒక రాత్రి గునుపూర్ నుంచి ఫోన్.

“అన్నయ్యా, లైను నంబరు 7లో తప్పని చెబుతోంది. ఏడోది పది సార్లు విన్నాను. ఏ తప్పూ లేదు.”

“ఆరోది విన్నావా?”

కాసేపు మాట లేదు. కీబోర్డు చప్పుడు.

“బ్రాకెట్ మూయలేదు అన్నయ్యా.”

ఈ సంగతి అప్పుడే రాసి గాదెలో పెట్టమన్నాను. రాశాడు. వాడి మొదటి పేజీ అదే, ఇప్పటికీ కొత్తవాళ్లకు మేం ముందుగా ఇచ్చే పేజీల్లో అదొకటి. ఫోన్‌లో, వాయిస్ మెసేజ్‌లలో తేలిన ప్రతి జవాబునూ ఆ వారంలోనే అక్షరాల్లోకి దించండి. లేకపోతే అదే ప్రశ్నకు పదిసార్లు జవాబు చెప్పి మీరే అలిసిపోతారు.

అలసట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మేం నెలకొకరు చొప్పున ‘ఈ నెల గాదె మీది’ అని వంతులు పెట్టుకున్నాం. ఆ నెల వచ్చిన ప్రశ్నలు వాళ్లే చూస్తారు, మిగతావాళ్లు హాయిగా ఉంటారు. పరీక్షలున్నవాళ్లు, ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్లు వంతు మార్చుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

కరెంటు లేని రోజుల కోసం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఆ దుఃఖం ముందు కోడ్ ఎంత. కానీ మా సేకరణ మొదలుపెట్టినప్పుడు ఆ రోజులు గుర్తుంచుకునే పెట్టాం. పైథాన్ కొత్త వెర్షన్ వచ్చేదీ అక్టోబరే, మాకు తుఫాను భయం ఎక్కువగా ఉండేదీ అక్టోబరే.

కోడ్‌లో మార్పులన్నీ గుర్తుంచుకునే గిట్‌లో గొప్ప సుగుణం ఏమిటంటే, క్లోన్ (రిపాజిటరీ మొత్తానికి కాపీ) చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. దాన్ని ఇంకొంచెం గట్టి చేసుకోండి. టెర్మినల్‌లో గిట్ బండిల్ క్రియేట్ అని, ఫైలు పేరు, చివర డ్యాష్ డ్యాష్ ఆల్ కొడితే రిపాజిటరీ అంతా ఒకే ఫైలుగా మూటకట్టుకుంటుంది. ఆ ఫైలు నుంచి మళ్లీ మామూలుగా గిట్ క్లోన్ చేసుకోవచ్చు, నెట్‌తో పనిలేదు. ప్రశ్నలు, చర్చలు ఆ మూటలోకి రావు, అందుకే జవాబుల్ని పేజీలుగా మార్చమని ముందే చెప్పాను.

ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ బండిల్, పైథాన్, గిట్ ఇన్‌స్టాలర్లు, ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ పెట్టండి. ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్ కింద పోర్టబుల్ కాపీ తయారుచేసే వీలుంది. ఇవన్నీ ఉంటే ఎవరి విండోస్ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా మన బడి తెరిచినట్టే. మా దగ్గర ఇలాంటివి ఐదు, ఐదు ఊళ్లలో. మూణ్నెల్లకోసారి కొత్త బండిల్ ఎక్కిస్తాం. ఎక్కించడంతో ఊరుకోకండి, వేరే కంప్యూటర్‌లో తెరిచి ఒక ప్రోగ్రాం నడిపి చూడండి. మేం మొదటిసారి తెరిచి చూసినప్పుడు అందులో బండిల్ సగమే ఉంది, కాపీ పూర్తవకముందే పెన్‌డ్రైవ్ పీకేశాం.

సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అని ఫ్రాన్స్‌లో ఒక సంస్థ ఉంది. బయట అందరికీ తెరిచి ఉన్న సోర్స్ కోడ్‌ను పోగుచేసి భద్రపరుస్తుంది. మీ రిపాజిటరీ చిరునామా ఇస్తే ఉచితంగా దాచిపెడతారు. ఐదు నిమిషాల పని, ఇప్పుడే చేసేయండి.

లైసెన్స్, డబ్బు

లైసెన్స్ ఫైలు లేకపోతే కోడ్ అందరికీ కనబడినా వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు. చిన్న ఉదాహరణలకు ఎంఐటీ లైసెన్స్ చాలు. ఎన్‌వీడీఏ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది కాబట్టి యాడ్-ఆన్‌కు దానికి పొసిగేదే పెట్టండి. ఇతరుల కోడ్ తెచ్చినప్పుడు వాళ్ల పేరు, వాళ్ల లైసెన్స్ అలాగే ఉంచండి.

డబ్బు వీలైనంత వరకు రానివ్వకండి. పెన్‌డ్రైవ్‌లు మేం చందాలు వేసుకుని కొన్నాం, ఎవరెంత ఇచ్చారో ఒక టెక్స్ట్ ఫైలులో రాసి అందరికీ కనబడేలా పెట్టాం.

అప్పగింత

ఎవరో ఒకరు వెళ్లిపోతారు. ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, ఇష్టం తగ్గుతుంది. దాన్ని తప్పుగా చూడకండి. వెళ్లేముందు మూడు పనులు అడగండి: తనకు మాత్రమే తెలిసిన సంగతులన్నీ ఒక ఫైలులో రాయడం, తన వంతులో సగంలో ఉన్న పనుల జాబితా ఇవ్వడం, తన ఓనర్ హక్కు కొత్త మనిషికి అందిందని లాగిన్ చేయించి చూడటం.

ఏడాదికోసారి, ఎవరూ వెళ్లకపోయినా, మేం అప్పగింత ఆడి చూస్తాం. గునుపూర్ తమ్ముడు రాసిన బ్రాకెట్ పేజీలో ఏదో ఒకటి దిద్దాలి. దిద్దేది అందరికంటే కొత్తగా వచ్చిన మనిషి. పాతవాళ్లందరం ఫోన్ లైన్‌లో ఉంటాం కానీ నోరు విప్పకూడదు. పోయినసారి బరంపురం చెల్లెలు కూర్చుంది. క్లోన్ చేసింది, మార్చింది, వినింది, లోపలికి పంపింది. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకచోట ఆగిపోయి, “ఇక్కడ ఏ కీ నొక్కాలో మీ పేజీలో లేదు” అంది. మేం ఎవరం మాట్లాడలేదు. తనే వెతికి కనుక్కుని, ఆ కీ పేరు పేజీలో చేర్చి, అదీ పంపేసింది.

ఆ రాత్రే ఆ అమ్మాయిని నాలుగో ఓనర్‌గా చేర్చాం. రికవరీ కోడ్‌లు పొడుచుకోవడానికి మందపాటి కాగితం మాస్టారు పోస్టులో పంపారు.